నీళ్ళ కింది లోయ

విహారయాత్ర అనగానే మా హాస్టలు మిత్రులకు గుర్తువచ్చేవి బస్సులో పాటలు, పులిహోర పొట్లాలు, గ్రూపు ఫోటోలు. ఈసారి నాకు మాత్రం ఇంటినుంచి ఒక పని ఒప్పగించారు. "సైన్సు విద్యార్థులందరినీ నాగార్జునకొండకు తీసుకువెళుతున్నారు" అని ఫోనులో చెప్పగానే మా నాయన, "మంచిదేలే. ఎట్టాగూ పోతన్నావు గదా, సాగర్‌లో నీళ్ళు ఎన్నడుగులున్నాయో చూసిరా" అన్నాడు. కొండ గురించి గాని, అక్కడి బుద్ధుడి గురించి గాని ఒక్క మాట అడగలేదు.

నవ్వుకొనే మిత్రులు నవ్వుకోవచ్చు. నీటిమట్టం రోజూ పేపర్లో వేస్తూనే ఉంటారు. కాని పేపర్లో వేసే అంకె మీద మా నాయనకు నమ్మకం తక్కువ. కన్నకొడుకు కళ్ళతో చూసి చెబితే అది వేరు. నాగార్జునసాగర్ కుడికాలువ కింద సేద్యం చేసేవాడికి ఇంతకు మించిన ప్రశ్న లేదు. జలాశయం పూర్తి మట్టం 590 అడుగులు. 510 అడుగులకు దిగిందంటే ఇక సేద్యానికి ఆశ వదులుకోవలసిందే. ఈ రెండు అంకెల మధ్యనే మా ఊళ్ళో పెళ్ళిళ్ళు, అప్పులు, చదువులు ఊగుతుంటాయి.

మాది నాలుగెకరాల పొలం. అదీ మేజరు కాలువ చివర. పైవాళ్ళ చేలన్నీ తడిసి, ఇక చాలు అనుకొన్నాక మా తూముకు నీళ్ళు దిగుతాయి. లస్కరును మంచి చేసుకోవడం, రాత్రిళ్ళు టార్చిలైటు పట్టుకొని గట్టు మీద కావలి కాయడం నేను ఏడో తరగతి నుంచీ నేర్చిన విద్యలు. నేను ఇంటర్మీడియట్ ముగించిన యేడు వానలు వెనకబడి మిరప సగం ఎండిపోయింది. "ఒక యేడు ఆగి చదువుకొంటావా?" అని అడగాలని నాయన రెండుసార్లు నా దగ్గరకు వచ్చి, అడగలేక, వేరే సంగతులు మాట్లాడి వెళ్ళాడు. చివరి తడికి నీళ్ళు అందాయి గనుక మిగిలిన సగం చేతికి వచ్చింది. నేను ఇక్కడ బి.యస్సీ. చదువుతున్నాను. కాబట్టి ఆ అడుగుల లెక్క నా లెక్క కూడా.

నా గది మిత్రుడిది మాచర్ల వైపు. వాడూ రైతు బిడ్డే. మేమిద్దరం ఒకే బక్కెట్టు, ఒకే టేబిలు ఫ్యాను, వాళ్ళమ్మ పంపే గోంగూర పచ్చడి, మా అమ్మ పంపే కారప్పొడి పంచుకొని రెండేళ్ళయింది. మా నాయన ఒప్పగించిన పని వాడికి చెప్పి ఇద్దరం నవ్వుకొన్నాం కూడా.

*

తెల్లవారుఝామున నాలుగు గంటలకు బస్సు బయలుదేరింది. సత్తెనపల్లి దాటేసరికి పాటలు పాడే గొంతులు అలిసి నిద్రపోయాయి. పిడుగురాళ్ళ దగ్గర సున్నపు బట్టీల పొగ చూసి మా భూగర్భశాస్త్రం మాస్టారు లేచి నిలబడ్డారు. "ఈ సున్నపురాయీ, మాచర్లలో మీ ఇళ్ళకు కొనే నాపరాయీ, ఇప్పుడు మీరు మ్యూజియంలో చూడబోయే శిల్పాల రాయీ ఒక్క కుటుంబమే. కోట్ల సంవత్సరాల క్రితం ఇక్కడ నిస్సారమైన నేల కాదు, లోతు తక్కువ సముద్రం ఉండేది. దాని అడుగున పొరలు పొరలుగా పేరుకొన్న సున్నపు బురదే ఈ రాయి" అన్నారు.

నాకు మా ఇంటి అరుగు గుర్తువచ్చింది. బూడిద రంగులో, కొంచెం ఆకుపచ్చ చాయ కొట్టే నాపరాళ్ళు పరిచిన అరుగు. వేసవిలో మధ్యాహ్నం దాని మీద బోర్లా పడుకొనే నేను ట్రిగొనామెట్రీ నేర్చుకొన్నాను. అదే రాయి మీద పదిహేడు వందల యేళ్ళ క్రితం ఎవరో ఉలి పెట్టి బుద్ధుని కథలు చెక్కారన్నమాట. రాయి మెత్తనిది గనుక ఉలికి లొంగుతుంది. సన్నని గీత కూడా నిలుస్తుంది. రాయిలో ఉన్న గుణం కొంత, చేతిలో ఉన్న గుణం కొంత.

మాచర్ల దాటాక దారి కొండల్లోకి తిరిగింది. ఎత్తుపల్లాలు, తుమ్మచెట్లు, రాతినేల. కాలువ రాకముందు పల్నాడంతా ఇట్లాగే ఉండేదని మా తాత చెప్పేవాడు. వరి అన్నం పండక్కో, చుట్టాలకో. మిగతా రోజుల్లో జొన్న. శ్రీనాథ మహాకవి పల్నాటికి వచ్చి ఇక్కడి జొన్నకూడు తినలేక విసుక్కొంటూ చాటువులు చెప్పాడని మనం తెలుగు క్లాసులో నవ్వుకొంటూ విన్నాం. మా తాతకు మాత్రం ఆ కథ వింటే కోపం. "ఆయన నాలుగు రోజులు తిని పద్యాలు చెప్పిండు. మేం పుట్టిందగ్గర్నుంచీ తిన్నాం, ఎవరికి చెప్పుకోవాలి?" అనేవాడు.

అందుకే ఆయన దృష్టిలో రెండు తేదీలు మాత్రమే చరిత్ర. ఒకటి 1955 డిసెంబరు 10, నెహ్రూగారు సాగర్‌కు శంకుస్థాపన చేసిన రోజు. రెండు 1967 ఆగస్టు 4, ఇందిరాగాంధీగారు కాలువలకు నీళ్ళు వదిలిన రోజు. కుడికాలువకు జవహర్ పేరు, ఎడమకాలువకు లాల్ బహదూర్ పేరు పెట్టారు. మా మేజరుకు మొదటిసారి నీళ్ళు వచ్చిన నాడు ఆడవాళ్ళు పసుపు కుంకుమలు తీసుకొని గట్టు మీదికి వెళ్ళారట. మా నాయనమ్మ కొంగుతో నీళ్ళు పట్టి ఇల్లంతా చల్లిందట.

*

విజయపురి సౌత్‌లో బస్సు దిగగానే ఎదురుగా ఆనకట్ట. ఫోటోల్లో ఎన్నిసార్లు చూచినా, కళ్ళారా చూస్తే మనిషికి మాట రాదు. నది అడుగున పునాదినుంచి దాదాపు 409 అడుగుల ఎత్తు, 26 గేట్లు. సిమెంటు కాంక్రీటు గోడ కాదు అది. రాయి మీద రాయి పేర్చి కట్టింది. ఆ రాళ్ళు మోసినవాళ్ళ పేర్లు ఎక్కడా రాసి ఉండవు. ఒక్కొక్క రాయీ ఎవరో ఒకరి తల మీదనో, భుజం మీదనో వచ్చిందే గదా అనుకొన్నాను.

లాంచీ ఎక్కాము. కొండల మధ్యకు నీళ్ళు చొచ్చుకొని పోయి, ఎటు చూచినా నీలం, దాని అంచున ఆకుపచ్చ. జనవరి ఎండ మెత్తగా ఉంది. నీటికాకులు మునిగి తేలుతున్నాయి. కొండల పాదాల దగ్గర నీళ్ళు తగ్గిన మేర గీత గీచినట్టు తెల్లని చార. ఆ అందాన్ని వర్ణించడం తెలుగు సాహిత్యం మిత్రులకు వదిలిపెడుతున్నాను. నేను మాత్రం సరంగు దగ్గరకు వెళ్ళి నా పని మొదలుపెట్టాను.

"అన్నా, ఇయ్యాళ మట్టం ఎంత?"

"అయిదొందల అరవై మూడు. ఏం, పొలముందా కాలవ కింద?" అన్నాడు సరంగు నవ్వుతూ. అడగ్గానే రైతుబిడ్డనని పట్టేశాడు.

563. రెండో పంటకు గట్టిగా చెప్పలేం గాని ఆరుతడి పైర్లకు భయం లేదు. నాయనకు చెప్పవలసిన మాట దొరికినందుకు నాకు హుషారు వచ్చింది. రేలింగు దగ్గర నిలబడ్డ నా గది మిత్రుడి భుజం మీద చెయ్యి వేసి, "ఇంకో ఇరవై ఏడడుగులు ఉంటే నిండేది గదరా! ఎంత బాగుండేది!" అన్నాను.

వాడు నీళ్ళ వైపే చూస్తున్నాడు. కొంచెంసేపు ఆగి, "ఒరేయ్, నువ్వు అడుగుల లెక్కలోడివి గదా. మా తాతోళ్ళ చేను మీద ఎన్నడుగుల నీళ్ళున్నాయో చెప్పు" అన్నాడు.

మొదట నాకు అర్థం కాలేదు. వాడు చెయ్యి చాపి ఎదురుగా ఉన్న నీటిని చూపించాడు. అక్కడ అలలు తప్ప ఏమీ లేవు.

రెండేళ్ళుగా ఒకే గదిలో ఉన్నాము. వాడి తాతగారి ఊరు ఈ నీళ్ళ కింద ఉందని నాకు తెలియదు. నేను అడగలేదు, వాడు చెప్పలేదు. సాగర్ నిండాలని నేను హాస్టలు గదిలో దేవుడి పటానికి దణ్ణం పెట్టుకొన్న రోజుల్లో కూడా వాడు ఏమీ అనలేదు.

*

లాంచీ ముప్పావు గంటకు పైగా ప్రయాణం చేసి కొండ దగ్గర ఆగింది. ఇప్పుడది దీవి. ఒకప్పుడు లోయ మధ్యన నిలిచిన కొండ. మూడు పక్కల నల్లమల కొండల బారులు, నాలుగో పక్క కృష్ణానది. కోటగోడల్లాంటి కొండలు, కందకంలాంటి నది. రాజధాని కట్టుకోవడానికి ఇంతకంటె మంచి చోటు ఏ రాజుకు దొరుకుతుంది?

సాతవాహనుల తరువాత, క్రీస్తుశకం మూడవ శతాబ్దంలో ఇక్ష్వాకులు ఈ లోయలో విజయపురిని రాజధానిగా చేసుకొన్నారు. మొదటివాడు వాసిష్ఠీపుత్ర శాంతమూలుడు అశ్వమేధం చేశాడు. ఆయన వైదికుడు. కాని ఆయన చెల్లెలు శాంతిసిరి బౌద్ధానికి పెద్ద దాత. మహాచైత్యానికి ఆమె స్తంభాలు నిలబెట్టించింది. ఆమె మేనల్లుడు వీరపురుషదత్తుని ఆరవ పాలనా సంవత్సరంలో ఆ సంగతి ప్రాకృతంలో, బ్రాహ్మీలిపిలో రాతి మీద రాయించింది. బోధిసిరి అనే ఉపాసిక సింహళ దేశపు భిక్షువుల కోసం చైత్యగృహం కట్టించింది. అన్న యజ్ఞం చేస్తే చెల్లెలు చైత్యం కట్టింది. ఇద్దరూ ఒకే లోయలో ఉన్నారు. ముప్పైకి పైగా బౌద్ధ కట్టడాలూ, వాటి పక్కనే శివాలయాలూ, విష్ణ్వాలయాలూ ఇక్కడ బయటపడ్డాయి.

ఆ తరువాత అడవి పెరిగి అంతా మరుగునపడింది. 1926లో సూరపరాజు వెంకటరామయ్య అనే ఉపాధ్యాయుడు ఇక్కడ ఒక పాత స్తంభాన్ని చూచి ప్రభుత్వానికి తెలియజేశారు. మద్రాసు శాసన పరిశోధన శాఖనుంచి ఎ. ఆర్. సరస్వతిగారు వచ్చి చూచారు. 1927 నుంచి 1931 దాకా లాంగ్‌హర్‌స్ట్ తవ్వకాలు జరిపాడు. మహాచైత్యంలో బంగారు భరిణెలో ఉన్న చిన్న అస్థిక ఆయన కాలంలోనే దొరికింది. 1938లో టి. ఎన్. రామచంద్రన్ మరికొంత తవ్వించారు. ఒక బడిపంతులు ఒక స్తంభాన్ని చూచి ఊరుకొని ఉంటే ఏమయ్యేదో! విద్యార్థులం గనుక ఈ సంగతి మనం గుర్తుపెట్టుకోదగ్గది.

అసలు పెద్ద పని మాత్రం ఆనకట్ట నిర్ణయం అయ్యాకనే మొదలైంది. లోయ మునిగిపోతుందని తెలిసి 1954 నుంచి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యంగారి ఆధ్వర్యంలో లోయనంతా గాలించారు. పాతరాతి యుగపు రాతి గొడ్డళ్ళు మొదలుకొని విజయనగర కాలం దాకా ఎన్నో పొరలు బయటపడ్డాయి. మహాచైత్యం వంటి ముఖ్యమైన కట్టడాలను తిరిగి కొండ మీదా, గట్టున ఉన్న అనుపు దగ్గరా నిలబెట్టారు. "ఆనకట్ట రాకపోతే ఈ లోయను ఇంత సమగ్రంగా తవ్వేవారా అన్నది అనుమానమే. ముంచేదీ అదే, వెలికి తీయించిందీ అదే" అన్నారు మా మాస్టారు. అందరూ నోటుపుస్తకాల్లో రాసుకొన్నారు. నా గది మిత్రుడు రాసుకోలేదు.

కొండ మీద మహాచైత్యం చూచాను. పునాది వలయం 106 అడుగుల వ్యాసం. లోపల గోడలు బండిచక్రం ఆకుల్లాగా నడిమి దిమ్మనుంచి చుట్టూ ఉన్న గోడకు పోతాయి. మధ్య గదుల్లో మట్టి నింపి పైన గుమ్మటం లేపారు. ధర్మచక్రానికి గుర్తు అంటారు. గుర్తు సంగతి ఎట్లా ఉన్నా, కట్టినవాడికి బరువు సంగతి బాగా తెలుసు. మొత్తం ఇటుకతో కడితే ఖర్చు. వట్టి మట్టిదిబ్బ పోస్తే వానకు జారుతుంది. ఆకులు వేస్తే మట్టి ఎటూ కదలదు. మా ఊళ్ళో వడ్రంగి చక్రం బిగించేటప్పుడు గంటలకొద్దీ చూచినవాణ్ణి గనుక నాకు ఆ పనితనం చూస్తే ముచ్చటేసింది.

మ్యూజియంలో బుద్ధుని నిలువెత్తు విగ్రహం ముందు అందరూ మౌనంగా నిలబడ్డారు. నన్ను ఎక్కువసేపు ఆపినవి ఛాయాస్తంభాలు. చనిపోయినవారి గుర్తుగా నిలిపిన రాళ్ళవి. శాంతమూల మహారాజుకూ ఉంది. యుద్ధంలో పడిపోయిన సైనికులకూ ఉన్నాయి. మా ఊరి పొలిమేరలో వీరగల్లు రాయి ఒకటి ఉంది. దానికి మేము పసుపు పూస్తాం గాని అది ఎవరిదో ఎవరికీ తెలియదు. పోయినవాళ్ళకు రాయి నిలపడం ఈ నేల మీద ఎంత పాత అలవాటో అప్పుడు తెలిసింది.

అక్కడే మునిగిపోయిన లోయ నమూనా ఉంది. కొండలు, నది, కట్టడాలు ఉన్న చోట్లు, అన్నీ చిన్నవి చేసి చూపించారు. నా గది మిత్రుడు దాని ముందు వంగి నిలబడ్డాడు. వేలితో నది వెంట పోయాడు. ఒక వాగు దగ్గర ఆగాడు. మళ్ళీ మొదటికి వచ్చాడు. నేనూ పక్కన చేరి వెతికాను. స్తూపాలు, విహారాలు దొరికాయి. మేము వెతికినంతలో వాళ్ళ తాతగారి పల్లె దొరకలేదు.

"పదిహేడు వందల యేళ్ళయితే గాని లెక్కలోకి రాదేమోరా మా ఊరు" అన్నాడు వాడు, నవ్వడానికి ప్రయత్నిస్తూ.

*

మధ్యాహ్నం గట్టుకు తిరిగి వచ్చి, పులిహోర తిని, అనుపుకు వెళ్ళాము. అక్కడ లోయలోంచి తరలించి కట్టిన రంగస్థలం ఉంది. నడుమ దీర్ఘచతురస్రంగా బయలు, నాలుగు పక్కలా మెట్లు. కింద నిలబడి మామూలుగా మాట్లాడితే పై మెట్టు దాకా వినిపిస్తుందన్నారు. సైన్సు విద్యార్థులం గదా, పరీక్ష చెయ్యకుండా ఒప్పుకొంటామా? ఒకణ్ణి కింద నిలబెట్టి అందరం పై మెట్ల మీద కూర్చొన్నాం. వాడు రెండు అరచేతులు చరిచాడు. చప్పుడు చక్కగా పైకి వచ్చింది. మెల్లగా మాస్టారి మీద ఒక జోకు వేశాడు. అదీ వచ్చింది. మాస్టారికి కూడా వచ్చింది. అందరం పగలబడి నవ్వాము.

ఆ నవ్వు సద్దుమణిగాక మేమిద్దరం పై మెట్టు మీద మిగిలిపోయాం. అప్పుడు వాడు చెప్పుకొచ్చాడు.

వాళ్ళ తాతగారికి అప్పుడు పదిహేనేళ్ళు. లోయలో వాగు పక్క మూడెకరాల చేను, ఒక పెంకుటిల్లు. ఊరు మునుగుతుందంటే చాలా కాలం ఎవరూ నమ్మలేదట. కృష్ణ ఎంత పొంగినా తమ గడపదాకా వచ్చింది లేదు, ఇప్పుడెందుకు వస్తుందన్నారట. తరువాత కొంత డబ్బు, ఇంకోచోట కొంత భూమి ఇచ్చారు. బండ్లు కట్టారు. తాతగారి నాన్న ఇంటి పెంకులు దించి, వాసాలు ఊడదీసి, చివరికి సింహద్వారపు గుమ్మాన్ని గడపతో సహా పెకలించి బండికి ఎత్తించాడట. కొత్త ఊళ్ళో మట్టిగోడలు లేపి ముందు ఆ గుమ్మం నిలబెట్టాడు. ఇప్పుడు అక్కడ డాబా ఉంది గాని గుమ్మం మాత్రం అదే. గడప నడుమ అరిగి పల్లం పడిందట. "మా తాత ఇప్పటికీ దాన్ని తొక్కడు. దాటిపోతాడు" అన్నాడు వాడు.

ఆ కూర్చొన్న మెట్లు కూడా లోయలోంచి తరలించి పేర్చినవే. ఒక రాజ్యంలోని రంగస్థలాన్ని ప్రభుత్వం మోసుకొచ్చింది. ఒక గుమ్మాన్ని ఒక రైతు మోసుకొచ్చాడు. ఒకదానికి బోర్డు ఉంది, రెండోదానికి లేదు. అంతే తేడా.

"మరి ఇన్నాళ్ళూ నాకు చెప్పలేదేంరా?" అన్నాను.

"చెబితే ఏం చేస్తావు? మట్టం తగ్గాలని దణ్ణం పెడతావా? పెట్టగూడదు గదా" అన్నాడు.

నాకు జవాబు దొరకలేదు. ఇప్పటికీ దొరకలేదు. ఆ నీళ్ళు రాకపోతే మా మిరప లేదు, నా చదువు లేదు. ఆ నీళ్ళు వచ్చాయి గనుకనే వాళ్ళ చేను లేదు. ఎవరు తప్పు చేశారని అడిగితే వేలెత్తి చూపడానికి నాకు ఎవరూ కనబడలేదు. కాని తప్పు ఎవరిదీ కాకపోయినా బాకీ అనేది ఒకటి ఉంటుందని ఆ మెట్ల మీద నాకు మొదటిసారి తోచింది.

తిరుగు ప్రయాణంలో బస్సు మళ్ళీ పాటలతో నిండిపోయింది. నేను మనసులో లెక్క వేసుకొంటూ కూర్చొన్నాను. సుమారు ముప్పైమూడు అడుగుల నీటికి ఒక వాతావరణ పీడనం. నూరడుగులైతే మూడింతలు. చేను ఎంత ఎత్తున ఉండేదో తెలిస్తే 563 లోంచి తీసివేస్తే చాలు, వాడి ప్రశ్నకు జవాబు వస్తుంది. తీసివేత ఒకటో తరగతి లెక్క. పాత సర్వే పటం వెతికితే ఎత్తు కూడా దొరుకుతుందేమో. కాని వాడు అడిగింది ఆ అంకె కాదని నాకు తెలుసు.

*

సంక్రాంతికి ఇంటికి వెళ్ళాను. బస్సు దిగి సంచి అరుగు మీద పెట్టకముందే నాయన, "ఎన్నడుగులుందిరా?" అన్నాడు.

"అయిదొందల అరవై మూడు" అన్నాను. ఆయన ముఖం విచ్చుకొంది. "ఫరవాలేదు. మొక్కజొన్న ఎయ్యొచ్చు" అన్నాడు.

రాత్రి అన్నాలయ్యాక, మంచాలు వాకిట్లో వేసుకొన్నాక, గది మిత్రుడి సంగతంతా చెప్పాను. గుమ్మం సంగతి కూడా. నాయన మధ్యలో ఒక్క ప్రశ్నా వెయ్యలేదు. నిద్రపోయాడేమో అనుకొన్నాను. చాలాసేపటికి, "మనం నీళ్ళొచ్చిన రోజే చూశాం. ఆ నీళ్ళకు ముందు అక్కడెవరుండారో ఎప్పుడన్నా అనుకొన్నామా?" అని మాత్రం అన్నాడు.

నేను హాస్టలుకు బయలుదేరే రోజున అమ్మ కట్టిన కారప్పొడి డబ్బా పక్కన ఒక చిన్న గోతం కనబడింది. కొత్త బియ్యం. పదికిలోలుంటాయి. "అది నీకు కాదు. ఆ పెద్దాయనకిచ్చి రా. కొనుక్కోలేక కాదని చెప్పు" అన్నాడు నాయన. ఇంకేమీ వివరించలేదు.

ఆ ఆదివారమే గది మిత్రుడితో కలిసి వాళ్ళ ఊరు వెళ్ళాను. గుమ్మం చూచాను. ముదురు రంగు టేకు, పైకమ్మీ మీద చెక్కిన పద్మం, నడుమ అరిగిన గడప. నేను కూడా దాన్ని తొక్కకుండా దాటాను. తాతగారు వాకిట్లో నులకమంచం మీద కూర్చొని ఉన్నారు. చూపు తగ్గింది గాని మనిషి నిటారుగా ఉన్నారు. మనవడు గోతం విప్పి సంగతి చెప్పాడు. ఆయన పిడికెడు బియ్యం తీసుకొని, అరచేతిలో పరిచి, బొటనవేలితో నలిపి, రెండు గింజలు నోట్లో వేసుకొని నమిలారు.

ఆయన ఏదైనా పెద్దమాట అంటారని నేను ఎదురుచూశాను. బాధపడతారేమోనని భయపడ్డాను కూడా. ఆయన నా వైపు తిరిగి, "ఏ మేజరు కింద పండిందయ్యా ఇది?" అని అడిగారు.

చెప్పాను.

"చివరి భూములా?"

"అవును తాతా, కొసాకరు మాదే."

"నీళ్ళు అందుతున్నాయా అక్కడిదాకా?"

"కొన్నేళ్ళు అందుతాయి, కొన్నేళ్ళు అందవు."

ఆయన బియ్యాన్ని జాగ్రత్తగా, ఒక్క గింజ కిందపడకుండా, మళ్ళీ గోతంలో పోశారు. "అందేట్టు చూసుకోండి. ఊరికినే పోనియ్యబాకండి" అన్నారు.

ఆ తరువాత కోడలిని పిలిచి మాకు అన్నం పెట్టమన్నారు.

నాగార్జునకొండ చూడదలచుకొన్న మిత్రులు తప్పక చూడండి. శిల్పాలు చూడండి, రంగస్థలంలో చప్పట్లు కొట్టి చూడండి, లాంచీ రేలింగు దగ్గర నిలబడి ఫోటోలు దిగండి. ఒక్క నిమిషం మాత్రం కిందికి, నీళ్ళ వైపు చూడండి. అక్కడ శాంతిసిరి నడిచిన నేలే కాదు, ఒక వాగు పక్క మూడెకరాల చేను కూడా ఉంది. ఈసారి మా కాలువకు నీళ్ళు వచ్చినప్పుడు రాత్రి కావలికి నేను వెళ్ళాను. తూము దగ్గర గండిపడి రోడ్డు కాలువలోకి నీళ్ళు పోతుంటే చూచి, పార తీసుకొని, మోకాలి లోతు బురదలో దిగి పూడ్చివచ్చాను. ఇదివరకైతే తెల్లవారాక చూచుకొందాములే అనుకొనేవాణ్ణి.